మారనిదాన్ని ముట్టని చెయ్యి

ఫోన్ నిండిపోతే ఫొటోలన్నీ కట్ చేసి ఎక్స్‌టర్నల్ డిస్కులో పేస్ట్ చేస్తాం. బ్యాకప్ తీసేశామని నిశ్చింతగా కూర్చుంటాం. నిజానికి అక్కడ జరిగింది మకాం మార్పు ఒక్కటే. నిన్న ఫోనులో ఒక ప్రతి ఉండేది, ఇవాళ డిస్కులో ఒక ప్రతి ఉంది. ఆ డిస్కు బల్ల మీంచి జారి గచ్చు మీద పడిందంటే పెళ్లి ఫొటోలూ పోయాయి, పిల్లల తొలి అడుగులూ పోయాయి.

శ్రీ సత్యసాయి జిల్లా మడకశిర వైపు వాళ్లకు మకాం మార్పుకూ నకలుకూ ఉన్న తేడా చెప్పడానికి దూరం పోనక్కర్లేదు. అమరాపురం మండలంలోని హేమావతి ఒకప్పుడు హెంజేరు పేరుతో నొలంబ పల్లవుల రాజధాని. నల్లరాతిని అద్దంలా నునుపు చేసి చెక్కిన శిల్పులు అక్కడివాళ్లు. చోళులు నొలంబ దేశాన్ని గెలిచాక ఆ పనితనం ఉన్న స్తంభాలు కొన్ని కావేరి ఒడ్డున తిరువయ్యారు చేరాయి. అక్కడ క్షేమంగానే ఉన్నాయి కానీ ఇక్కడ లేవు. అదే హేమావతిలో నొలంబుల వంశావళి చెప్పే స్తంభ శాసనం దొరికింది. బి. ఎల్. రైస్ దాని పాఠాన్ని పక్కనున్న తుమకూరు జిల్లా శాసనాలతో కలిపి ఎపిగ్రాఫియా కర్ణాటికా సంపుటంలో 1904లో అచ్చు వేయించారు. రాయికి ఏమైనా కాగితం మీది పాఠం మిగులుతుంది. స్తంభాలకు జరిగింది కట్, శాసనానికి జరిగింది కాపీ.

ఇంటి కంప్యూటర్లలో ఈ రెండో పనిని ఎంత నేర్పుగా చేయవచ్చో చూడాలంటే ఒక మామూలు ఇల్లు ఊహించుకోవాలి. మడకశిర టౌనులో ఉందనుకుందాం. నాన్న దగ్గర పాత డెస్క్‌టాప్ ఉంది. అందులో వక్కతోట లెక్కలు, మీభూమి నుంచి దించుకున్న అడంగల్, వన్-బీ కాగితాలు ఉంటాయి. అక్కది విండోస్ ల్యాప్‌టాప్, దాని నిండా పెళ్లి పత్రికలు, ఫ్లెక్సీల డీటీపీ పని. తమ్ముడు బెంగళూరులో చదువుతున్నాడు, సెలవులకు వచ్చేటప్పుడు తన ల్యాప్‌టాప్ తెస్తాడు. ముగ్గురికీ కలిపి కొన్నది ఒక్కటే డిస్కు. ఇల్లు అలకగానే పండగ కాదన్నట్టు, డిస్కు కొన్నంత మాత్రాన బ్యాకప్ అయిపోదు. పనితనమంతా ఇక్కడి నుంచే.

ఇలాంటి ఇంటికి నేను ఎంచే పనిముట్టు ఆర్‌సింక్ అనే ఫైళ్లు కాపీ చేసే ప్రోగ్రామ్. దీన్ని ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మకెరస్ 1996 జూన్‌లో విడుదల చేశారు. ఇద్దరూ కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో ఉండేవారు. విండోస్‌తో యూనిక్స్ యంత్రాలు ఫైళ్లు పంచుకునేలా చేసిన సాంబా కూడా ట్రిడ్జెల్ చేతి పనే. ఆర్‌సింక్ పుట్టింది నెమ్మది లింకుల కాలంలో. పాత ఫైలు ఆ చివర ఉంది, కొంచెం మారిన కొత్త ఫైలు ఈ చివర ఉంది. రెండూ ఒక్క కంప్యూటర్లో లేవు కాబట్టి పక్కపక్కన పెట్టి పోల్చలేం. మరి మారిన భాగం మాత్రమే పంపాలంటే ఎలా?

నాన్న లెక్కల ఫైలు మామూలు టెక్స్ట్ ఫైలు అనుకుందాం. పైన "శ్రీ" రాయడం మరిచానని గుర్తొచ్చి ఆయన మొదట్లో చేర్చారు. కంటికది ఒక్క అక్షరం. యూనికోడ్‌లో మాత్రం శ, పొల్లు, ర, గుడిదీర్ఘం అని 4 గుర్తులు, యూటీఎఫ్-8లో ఒక్కోదానికి 3 చొప్పున 12 బైట్లు. ఇంకేమీ మారకపోయినా ఫైలంతా 12 బైట్లు కిందికి జరిగింది. రెండు ఫైళ్లనూ సమాన ముక్కలుగా కోసి మొదటిదాన్ని మొదటిదానితో, రెండోదాన్ని రెండోదానితో పోల్చే పద్ధతైతే ఇక్కడ ఒక్క ముక్క కూడా కలవదు. దేవుడి పేరు రాసిన పాపానికి ఫైలు మొత్తం మళ్లీ పంపాలి.

ఆర్‌సింక్ చేసేది వేరు. పాత ఫైలు ఉన్నవైపు దాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు రెండు గుర్తింపు సంఖ్యలు కడుతుంది. ఒకటి 32 బిట్ల తేలికపాటిది. రెండోది గట్టిది. తొలి రూపంలో దీనికి ఎండీ4 పద్ధతి వాడారు, 128 బిట్లు. ఈ సంఖ్యల జాబితా మాత్రమే అవతలికి వెళుతుంది. అవతల కొత్త ఫైలు మీద ముక్కంత వెడల్పున్న కిటికీ పెట్టి, ఒక్కొక్క బైటే జరుపుతూ, ఆ కిటికీలో కనిపించినదాని సంఖ్య జాబితాలో ఉందేమో చూస్తుంది. బైటు బైటుకూ సంఖ్యను మొదటినుంచి కడితే తెల్లారిపోతుంది. అందుకే తేలికపాటి సంఖ్యను ఒక ప్రత్యేకమైన తీరులో మలిచారు. కిటికీ ఒక అడుగు జరిగినప్పుడు ఎడమవైపు జారిపోయిన బైటును తీసివేసి, కుడివైపు చేరినదాన్ని కలిపితే కొత్త సంఖ్య వచ్చేస్తుంది. రెండు మూడు కూడికలు, తీసివేతలతో సరి. తేలికది కలిసినప్పుడే గట్టిదాన్ని కట్టి ఖాయం చేసుకుంటుంది. శ్రీకారం చుట్టిన ఫైలులో కిటికీ 12 అడుగులు జరిగేసరికి మొదటి పాత ముక్క దొరికిపోతుంది, దాని వెంట మిగతావన్నీ వరుసగా. పంపాల్సింది ఆ 12 బైట్లు, కాసిని సూచనలు.

నేను ఎక్కువగా మెచ్చుకునేది మాత్రం దీని తరువాతి సంగతిని. డిస్కు అదే కంప్యూటర్‌కు నేరుగా తగిలించి ఉంటే ఆర్‌సింక్ ఇంత గొప్ప ఉపాయాన్నీ పక్కన పెట్టేస్తుంది. మారిన ఫైలును మొత్తంగా కాపీ చేస్తుంది. పాతదాన్ని ఆసాంతం చదివి సంఖ్యలు కట్టే శ్రమ కంటే కొత్తది రాసేయడమే చవకని దానికి తెలుసు. తన తెలివిని ఎక్కడ వాడకూడదో తెలిసిన పనిముట్లు తక్కువ. మనుషుల్లోనూ అంతేననుకోండి.

ఇక మారని ఫైళ్ల విషయానికి వస్తే వాటిని తెరిచి కూడా చూడదు. పరిమాణం, చివరిసారి మార్చిన సమయం రెండూ సరిపోతే దాటుకుని పోతుంది. ఇంట్లో ఉన్న లక్ష ఫైళ్లలో ఏ రోజైనా మారేవి పదుల్లోనే ఉంటాయి. అందుకే మొదటి రాత్రి గంటలు పట్టిన పని రెండో రాత్రికి నిమిషాల్లోకి వస్తుంది.

ఇంతవరకూ చెప్పింది ఒక్క నకలు గురించే. ఇంటికి ఒక్క నకలు చాలదు. అక్క మంగళవారం ఒక పెళ్లి పత్రిక ఫైలును పొరపాటున వేరే డిజైన్‌తో సేవ్ చేసిందనుకోండి. రాత్రికి బ్యాకప్ నడిచి, డిస్కులో ఉన్న మంచి ప్రతిని కూడా చెడ్డదానితో నింపేస్తుంది. బుధవారం పెళ్లివారు వచ్చి మొదటి డిజైనే బాగుందంటే అది ఎక్కడా లేదు. కాబట్టి సోమవారం ఇల్లు ఎలా ఉందో, మంగళవారం ఎలా ఉందో వేరువేరుగా ఉండాలి. కానీ 200 జీబీ సరుకున్న ఇంటికి ముప్పై రోజుల నకళ్లంటే 6,000 జీబీ. అంత పెద్ద డిస్కు ఎవరు కొంటారు?

దీనికి జవాబు యూనిక్స్‌లో తొలినాళ్ల నుంచీ ఉంది. పేరు హార్డ్ లింకు. డిస్కు మీద ఫైలు సరుకు ఒకచోట, దాని పేరు ఇంకోచోట ఉంటాయి. సరుకుకు ఐనోడ్ అనే చిట్టా ఉంటుంది. పేరు ఆ చిట్టాను చూపించే వేలు మాత్రమే. ఒకే చిట్టాను ఎన్ని పేర్లైనా చూపించవచ్చు. వాటిలో అసలుది, నకిలీది అనే భేదం లేదు, అన్నీ సమానమే. ఎన్ని పేర్లు తనను చూపిస్తున్నాయో చిట్టా లెక్క పెట్టుకుంటుంది. ఆ లెక్క సున్నాకు దిగి, ఫైలును వాడుతున్న ప్రోగ్రామేదీ లేనప్పుడే సరుకును తుడిచేస్తుంది.

దీన్ని ఆర్‌సింక్‌తో జతకట్టి, రోజుకో ఫోల్డర్ పెట్టే పద్ధతిని మైక్ రూబెల్ అనే ఆయన 2000ల తొలినాళ్లలో వివరంగా రాసి ప్రచారంలోకి తెచ్చారు. 2003లో ఆర్‌సింక్‌లోనే లింక్-డెస్ట్ అనే సదుపాయం చేరింది. రాత్రి కొత్త తేదీతో ఖాళీ ఫోల్డర్ పుడుతుంది. ఆర్‌సింక్ ఒక కన్ను ఇంటి ఫైళ్ల మీద, ఒక కన్ను నిన్నటి ఫోల్డర్ మీద వేస్తుంది. మారిన ఫైలైతే కొత్తగా కాపీ చేస్తుంది. మారనిదైతే నిన్నటి సరుకుకే ఇవాళ్టి ఫోల్డర్‌లో ఇంకో పేరు పెడుతుంది. పొద్దున్నే ఆ ఫోల్డర్ తెరిస్తే 200 జీబీ ఇల్లంతా కనిపిస్తుంది. నిన్నటిది తెరిచినా అంతే. రోజుకు 300 ఎంబీ మారుతుందనుకుంటే ముప్పై రోజులకు కలిపి పట్టే చోటు 209 జీబీకి కాస్త అటూ ఇటూ. నెల దాటిన ఫోల్డర్‌ను ఉన్నపళంగా డిలీట్ చేసినా మిగతా ఇరవై తొమ్మిదింటిలో ఒక్క ఫైలు చెదరదు. ఏ రోజూ ఇంకో రోజు మీద ఆధారపడి లేదు. ఏ రోజూ తక్కువది కాదు. ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టమ్‌లో ఒక ఫైలుకు 65,000 పేర్ల దాకా పెట్టవచ్చు. రోజుకొకటి చొప్పున నూట డెబ్బై ఏళ్లకు పైమాటే, మన మనవళ్ల మనవళ్లకు కూడా సరిపోతుంది.

యాపిల్ 2007లో తెచ్చిన టైమ్ మెషీన్ చాలా ఏళ్లు ఈ సూత్రం మీదే నడిచింది. ఫోల్డర్లకు కూడా హార్డ్ లింకులు పెట్టి ఇంకో అడుగు ముందుకు వేసింది. మన ఇంటి పాత డెస్క్‌టాప్‌లో లినక్స్ పెట్టుకుంటే అదే సూత్రం పైసా ఖర్చు లేకుండా వస్తుంది.

ఇందులో ఒక లొసుగు ఉంది. ముప్పై రోజుల పేర్లూ ఒకే సరుకును చూపిస్తున్నప్పుడు, ఇవాళ ఆ సరుకులోనే దిద్దితే ముప్పై రోజుల చరిత్రా ఒక్కదెబ్బకు మారిపోదా? మారిపోతుంది. ఆర్‌సింక్ ఉన్న సరుకులో దిద్దకపోవడమే దీనికి రక్ష. కొత్త రూపాన్ని అదే ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే తాత్కాలిక పేరుతో పూర్తిగా రాసి, రాయడం ముగిశాకే ఆ పేరును అసలు పేరుగా మారుస్తుంది. పాత సరుకు జోలికి పోదు. మధ్యలో ఆగిపోతే సగం రాసిన తాత్కాలిక ఫైలు పోతుంది తప్ప సగం పాత, సగం కొత్త కలిసిన వికారపు ఫైలు అసలు పేరుతో మిగలదు. ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్లో ఈ ఒక్క అలవాటు విలువ చెప్పనక్కర్లేదు. ఇన్‌ప్లేస్ అనే ఐచ్ఛికాన్ని పెడితే మాత్రం ఈ జాగ్రత్త పోతుంది. ఎవరైనా వేగం కోసమని దాన్ని ఈ పద్ధతిలో పెట్టమంటే వినకండి.

కరెంటు మాట వచ్చింది కాబట్టి డిస్కు ఎంపిక గురించి. పెద్ద సైజు, అంటే 3.5 అంగుళాల డిస్కులకు వేరే అడాప్టర్ కావాలి. కరెంటు పోయిన క్షణాన అవీ ఆగిపోతాయి. 2.5 అంగుళాల చిన్న డిస్కు యూఎస్‌బీ తీగ నుంచే కరెంటు తీసుకుంటుంది. దాన్ని డెస్క్‌టాప్‌కు బదులు బ్యాటరీ ఇంకా బతికున్న, లినక్స్ పెట్టిన పాత ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే యూపీఎస్ అవసరం లేకుండానే రాత్రి పని గట్టెక్కుతుంది.

కొన్న డిస్కు చాలావరకు ఎక్స్‌ఫ్యాట్‌లోనో ఎన్‌టీఎఫ్‌ఎస్‌లోనో ఫార్మాట్ అయి వస్తుంది. ఎక్స్‌ఫ్యాట్‌లో హార్డ్ లింకులు లేవు. ఇంత చెప్పిన సొగసంతా దాని మీద నడవదు, ప్రతి రాత్రీ పూర్తి కాపీయే అవుతుంది, వారం తిరక్కుండానే డిస్కు నిండుతుంది. పాత ఫ్యాట్32 అయితే ఇంకో తమాషా. ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు, పైగా సమయాన్ని రెండేసి సెకన్లకు సవరించి రాస్తుంది. దాంతో మారని ఫైళ్లు కూడా మారినట్టు కనిపిస్తాయి. అందుకే డిస్కు ఖాళీగా ఉన్న మొదటి రోజే ఎక్స్‌ట్4గా ఫార్మాట్ చేసుకోవడం మేలు.

తెలుగు ఇంటికి ఇక్కడొక చిక్కు ఎదురవుతుంది. ఎక్స్‌ట్4లో ఒక ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. ఇంగ్లిష్ పేరుకు 255 అక్షరాలంటే ఎవరూ వాడరు. తెలుగుకు గుర్తుకు 3 బైట్ల చొప్పున 85 గుర్తులే. "స్త్రీ" అనే ఒక్క అక్షరానికే 6 గుర్తులు, 18 బైట్లు. విండోస్ లెక్క వేరు, అది 255 గుర్తుల దాకా రానిస్తుంది. కాబట్టి అక్క తన ల్యాప్‌టాప్‌లో వధూవరుల పేర్లు, ఊర్లు, ముహూర్తం అన్నీ కలిపి తెలుగులో పెట్టిన ఫైలు పేరు అక్కడ చక్కగా ఉంటుంది, ఇక్కడికి రానంటుంది. ఆర్‌సింక్ దీన్ని దాచదు. పేరు మరీ పొడవని ఎర్రర్ రాసి, మిగతావి కాపీ చేసి, చివర్లో అంతా సవ్యంగా జరగలేదని చెబుతుంది. ఆ చివరి మాట చదివే అలవాటు మనకుండాలి.

డీటీపీ పనిలో ఇంకొకటి. పెళ్లి పత్రికలు ఇప్పటికీ చాలావరకు అను లాంటి యూనికోడ్ కాని ఫాంట్లతో తయారవుతాయి. ఫైలు దొరికి ఫాంటు దొరక్కపోతే తెరమీద కనిపించేది "శుభలేఖ" కాదు, ఏవో ఇంగ్లిష్ అక్షరాల గుంపు. కాబట్టి బ్యాకప్ తీయాల్సిన జాబితాలో ఫాంట్ల ఫోల్డర్ మొదట ఉండాలి. చాలామంది డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఎంచి అక్కడితో ఆగిపోతారు.

ముగ్గురూ ఒకే డిస్కు పంచుకోవడంలో ఎవరు ఎవరి దగ్గరకు వెళ్లాలనేది ఒక నిర్ణయం. ప్రతి కంప్యూటరూ డిస్కు దగ్గరకు వచ్చి రాసుకునేలా పెడితే ప్రతి కంప్యూటర్‌కూ డిస్కును చెరిపే హక్కు ఉన్నట్టే. 2017 మేలో వన్నాక్రై అనే పురుగు (వార్మ్) ప్రపంచమంతా కంప్యూటర్లకు తాళం వేసి డబ్బు అడిగినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి. అలాంటి పురుగు రాయగలిగిన ప్రతి డిస్కునూ పాడు చేస్తుంది, బ్యాకప్ డిస్కని దయచూపదు. అందుకే డిస్కు తగిలించిన ల్యాప్‌టాపే మిగతా వాటి దగ్గరకు వెళ్లి తెచ్చుకునే ఏర్పాటు మంచిది. అక్కకూ తమ్ముడికీ పాత తేదీల ఫోల్డర్లు కనిపించాలి, తెరవగలగాలి, కానీ చెరపలేకుండా ఉండాలి. రూబెల్ కూడా తన పద్ధతిలో నకళ్లను చదవడానికి మాత్రమే వీలుండేలా చూపించమన్నారు. ఒక సూక్ష్మం: విండోస్ ఫోల్డర్‌ను నెట్‌వర్క్ షేర్‌గా తగిలించి తెచ్చుకుంటే ఆర్‌సింక్ దాన్ని స్థానిక డిస్కుగానే భావించి మారిన ఫైళ్లను మొత్తంగా లాగుతుంది. కిటికీ జరిపే ఉపాయం పనిచేయాలంటే రెండు వైపులా ఆర్‌సింక్ నడవాలి. ఇంటి వై-ఫై వేగానికి మొదటిదైనా ఫర్వాలేదు.

మెచ్చుకుంటూనే ఒక లోపం చెప్పాలి. ఆర్‌సింక్‌కు పేరు మార్పు అర్థం కాదు. 2022 ఏప్రిల్‌లో మడకశిర అనంతపురం జిల్లా నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. నాన్న ముచ్చటపడి "అనంతపురం జిల్లా కాగితాలు" అనే ఫోల్డర్ పేరు మార్చారనుకోండి. లోపల ఒక్క కాగితం మారకపోయినా ఆర్‌సింక్ కంటికి పాత ఫోల్డర్ పోయింది, కొత్తది పుట్టింది. నిన్నటి ఫోల్డర్‌లో అదే దారిలో అదే పేరు లేదు కాబట్టి లింకు కుదరదు. స్కాన్ చేసిన కాగితాలన్నీ మళ్లీ కాపీ. బోర్గ్, రెస్టిక్ లాంటి కొత్త పనిముట్లు సరుకును ముక్కలుగా గుర్తుపట్టి, పేరు ఎన్నిసార్లు మారినా ఒక్కసారే దాస్తాయి, పైగా తాళం కూడా వేస్తాయి. సాంకేతికంగా అవి మెరుగైనవే. అయినా ఇంటికి నేను ఆర్‌సింక్ వైపే మొగ్గుతాను. వాటి డిస్కు తెరిస్తే కనిపించేవి అర్థంకాని ముక్కలు. సరుకు బయటికి రావాలంటే అదే పనిముట్టు, దాని పాస్‌వర్డ్ ఉండాలి. ఆర్‌సింక్ డిస్కులో తేదీ పేరున్న ఫోల్డర్, అందులో ఇల్లు, ఇంట్లో ఫైళ్లు. ఏర్పాటు చేసిన తమ్ముడు ఉద్యోగానికి ఎక్కడికి వెళ్లినా అమ్మ తెరిచి తనకు కావాల్సినది తీసుకోవచ్చు.

రెండో డిస్కు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మూడు ప్రతులు, రెండు రకాల చోట్లు, ఒకటి ఇంటి బయట అనే 3-2-1 సూత్రాన్ని పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్ ప్రచారం చేశారు. మన ఇంటికి ఆ బయటి చోటు తమ్ముడి బెంగళూరు గది. వచ్చినప్పుడల్లా ఒకటి తెచ్చి ఒకటి పట్టుకెళ్తాడు. బస్సులో పోతే దొంగ చదవకుండా ఆ డిస్కుకు మాత్రం పాస్‌వర్డ్ తాళం ఉండాలి. అప్పుడప్పుడు పాత తేదీలోంచి ఒక ఫైలు వెనక్కి తీసి తెరిచి చూడాలి.

అమ్మ తెరవవచ్చన్నాను కదా, దానికొక షరతు ఉంది. ఎక్స్‌ట్4 డిస్కును విండోస్ నేరుగా చదవదు. అందుకని డిస్కు పెట్టెలో చేత్తో రాసిన కాగితం ఒకటి ఉంచాలి. ఈ డిస్కును ఏ ల్యాప్‌టాప్‌కు తగిలించాలో, ఏ ఫోల్డర్ ఎవరిదో, తాళం మాట ఎవరి దగ్గర ఉందో అందులో ఉండాలి. అన్నిటికన్నా పైన, పెద్ద అక్షరాల్లో, ఇంకో రంగు సిరాతో ఈ వాక్యం: "విండోస్‌కు తగిలిస్తే ఫార్మాట్ చేయమంటారా అని అడుగుతుంది. వద్దు అని నొక్కండి."